మొబైల్ యాప్‌లో స్క్రోల్ జాబితాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చిన్న వ్యాపారాలకు యాప్‌లు తయారుచేసేవారు, ఇంజినీరింగ్ చివరి సంవత్సరం ప్రాజెక్టుగా యాప్ రాసే విద్యార్థులు జాబితాల విషయంలో మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాము. అన్ని సమాధానాలకూ ఒకే ఉదాహరణ తీసుకున్నాము. పలాసలో జీడిపిక్కలు కొనే ఒక వ్యాపారి తన కొనుగోళ్లను ఫోన్‌లో చూసుకొనే యాప్ అది. ప్రతి వరుసలో రైతు పేరు, ఊరు, 80 కిలోల బస్తాలు ఎన్ని, ధర, తేదీ, కాటా చీటీ ఫోటో ఉంటాయి. ఉద్దానం నుంచి పిక్కలు దిగే వేసవి రోజుల్లో ఈ జాబితా గంటగంటకూ పెరుగుతుంది. జాబితాలో ఒక వరుస ఉన్న చోటు వేరు, ఆ వరుస ఏ కొనుగోలుదో చెప్పే గుర్తింపు వేరు. కింద కనిపించే చిక్కుల్లో చాలా వరకు ఈ రెండింటినీ ఒకటిగా తీసుకోవడం వల్ల వచ్చేవే.

అన్ని వరుసలనూ ఒకే నిలువు పెట్టెలో పేర్చి, దాన్ని స్క్రోల్ అయ్యేలా చేస్తే సరిపోదా?

వరుసలు తక్కువైతే సరిపోతుంది. 2022 పునర్విభజన తరువాత శ్రీకాకుళం జిల్లాలో మిగిలిన 30 మండలాల పేర్లు చూపించి, వాటిలో ఒకటి ఎంచుకోమనే తెరకు మామూలు నిలువు పెట్టె చాలు. అయితే ఆ పెట్టెలో పెట్టిన ప్రతి వరుసనూ, అది తెర మీద కనిపించినా కనిపించకపోయినా, యాప్ ముందే తయారుచేస్తుంది. అంటే దాని అక్షరాలను కొలిచి, దానికి స్థలం కేటాయించి, మెమరీలో ఉంచుతుంది. 5000 కొనుగోళ్లున్న వ్యాపారికి ఒకసారి కనిపించేవి 8 లేదా 10 వరుసలే అయినా, మొత్తం 5000 తయారయ్యేదాకా అతడు ఖాళీ తెరను చూస్తూ కూర్చోవలసి వస్తుంది. వరుసల సంఖ్య ఇంతకు మించదని మీరు ఖచ్చితంగా చెప్పలేని పక్షంలో, మొదటి రోజు ఉన్నవి 12 వరుసలే అయినా సరే, కనిపించే మేరకే తయారుచేసే జాబితాను వాడండి.

కనిపించే మేరకే తయారుచేయడం అంటే లోపల ఏం జరుగుతుంది?

పెళ్లిలో బంతి భోజనాలు నడిచే తీరే ఇది. వెయ్యి మంది వచ్చినా వెయ్యి కుర్చీలు వేయరు. వంద కుర్చీలు వేసి, ఒక బంతి లేచాక ఆకులు తీసి, బల్ల తుడిచి, కొత్త ఆకులు వేసి తరువాతి బంతిని కూర్చోబెడతారు. జాబితా కూడా తెర నిండడానికి కావలసిన దానికంటే కొద్దిగా ఎక్కువ వరుసలను తయారుచేసి, పైనుంచి జారిపోయిన వరుసను కిందికి తెచ్చి, అందులో మరో రైతు వివరాలు నింపుతుంది.

ఐఫోన్‌లో 2008 నుంచి ఉన్న యూఐటేబుల్‌వ్యూ ఇలాగే సెల్స్‌ను (వరుసలను) తిరిగి వాడుకుంటుంది. ఆండ్రాయిడ్‌లో తొలినాళ్ల లిస్ట్‌వ్యూ కూడా పాత వరుసను తిరిగి చేతికి ఇచ్చేది గాని, దాన్ని వాడుకోవడం, మానడం రాసేవారి ఇష్టానికి వదిలేది. 2014లో వచ్చిన రీసైక్లర్‌వ్యూ ఆ పద్ధతిని తప్పనిసరి చేసింది. ఒకే కోడ్‌తో ఆండ్రాయిడ్‌కూ ఐఫోన్‌కూ యాప్ రాయడానికి వాడే ఫ్లట్టర్, రియాక్ట్ నేటివ్‌లలోని జాబితాలు, అంటే ఫ్లట్టర్ లిస్ట్‌వ్యూ బిల్డర్, రియాక్ట్ నేటివ్‌లో 2017లో వచ్చిన ఫ్లాట్‌లిస్ట్, కొంత వేరుగా నడుస్తాయి. అవి పాత వరుసను మరొకరికి అప్పగించవు. తెరకు బాగా దూరమైన దాన్ని తీసివేసి, దగ్గరకు వచ్చేదాన్ని కొత్తగా తయారుచేస్తాయి.

ఎంత ముందుచూపుతో తయారుచేయాలన్న దానిలోనూ వీటి మధ్య తేడా ఉంది. మీరు ఏమీ మార్చకపోతే ఫ్లట్టర్ తెర అంచుకు ఇరువైపులా 250 పిక్సెళ్ల మేర సిద్ధంగా ఉంచుతుంది. ఫ్లాట్‌లిస్ట్ మాత్రం కనిపించే తెరతో కలిపి 21 తెరల మేర ఉంచుతుంది, అంటే పైన 10, కింద 10. ఈ మేర పెంచితే వేగంగా జరిపినప్పుడు ఖాళీ జాగాలు తక్కువగా కనిపిస్తాయి గాని మెమరీ ఎక్కువ ఖర్చవుతుంది. 3 జీబీ ర్యామ్ ఉన్న ఫోన్లు వాడేవారి కోసం యాప్ రాస్తున్నప్పుడు ఈ సంఖ్యను పెంచడం కంటే వరుసను తేలిక చేయడమే మంచి దారి.

యాప్ రాయడానికి వీటిలో దేనితో మొదలుపెట్టాలి?

మీకు బాగా వచ్చినదానితో మొదలుపెట్టండి. ఆండ్రాయిడ్‌కు మాత్రమే కొత్త యాప్ అయితే ఆండ్రాయిడ్ తెరలు రాసే కొత్త పద్ధతి అయిన కంపోజ్‌లోని లేజీకాలమ్ అనే జాబితా తీసుకోవచ్చు. రీసైక్లర్‌వ్యూతో చక్కగా నడుస్తున్న పాత యాప్‌ను కొత్తదనం కోసం తిరగరాయడానికి మాత్రం కారణమేదీ కనిపించదు. ఈ పేజీలో చెప్పిన చిక్కులు వీటన్నిటిలోనూ ఏదో ఒక రూపంలో ఎదురవుతాయి.

ఒక రైతు వరుసలో టిక్కు పెట్టి కిందికి జరిపితే, టిక్కు మరో రైతు వరుసలో కనిపిస్తోంది. ఎందుకు?

ఆకు తీయకుండా తరువాతి మనిషిని కూర్చోబెట్టినందువల్ల. టిక్కు ఉన్నదా లేదా అన్న సమాచారాన్ని మీరు వరుసలోనే దాచారు, ఆ వరుసను జాబితా మరో రైతుకు ఇచ్చింది. దీనికి రెండు పనులు చేయాలి. మొదటిది, టిక్కు సమాచారాన్ని వరుసలో కాక డేటాలో, కొనుగోలు ఐడీకి జతచేసి ఉంచాలి. రెండవది, వరుసను నింపే ప్రతిసారీ అందులోని ప్రతి భాగానికీ విలువ రాయాలి. ‘చెల్లింపు పూర్తయితే ఆకుపచ్చ రంగు వేయి’ అని మాత్రమే రాసి, ‘పూర్తికాకపోతే మామూలు రంగు వేయి’ అన్న సగాన్ని వదిలేయడం చాలా కోడ్‌లలో కనిపిస్తుంది. పది వరుసలతో పరీక్షించినప్పుడు అది బయటపడదు. నూరు వరుసలు ఉండి, వ్యాపారి వేలితో జోరుగా జరిపినప్పుడే చెల్లించని రైతు పక్కన ఆకుపచ్చ రంగు కనిపిస్తుంది. లెక్కల యాప్‌లో దాన్ని రంగు తేడాగా తీసిపారేయడానికి వీలులేదు, ఎందుకంటే ఆ రంగును నమ్మి రైతుకు డబ్బు ఇవ్వడం మానేసే ప్రమాదం ఉంది.

ఫ్లట్టర్, కంపోజ్, రియాక్ట్ నేటివ్‌లలో ఇదే చిక్కు మరో వేషంలో వస్తుంది. జాబితా మొదట్లో కొత్త వరుస చేరినప్పుడు, ప్రతి వరుసకూ గుర్తింపుగా ఒక కీ ఇవ్వకపోతే, యాప్ వరుసలను వాటి స్థానంతోనే గుర్తుపడుతుంది. మూడో స్థానంలోని వరుసలో సగం టైపు చేసిన ధర, కొత్తగా మూడో స్థానానికి వచ్చిన రైతు ఖాతాలో కనిపిస్తుంది.

కీగా దేన్ని ఇవ్వాలి?

ఎప్పటికీ మారనిదీ, మరొకరికి ఉండనిదీ ఇవ్వాలి. వరుస సంఖ్య మారుతుంది కనుక అది పనికిరాదు. రైతు పేరు ఒకే ఊళ్లో ఇద్దరికి ఉండవచ్చు. ఫోన్ నంబరు ఒక ఇంట్లో ముగ్గురికి ఒకటే ఉండవచ్చు, పైగా మారవచ్చు. జిల్లా, మండలం, ఊరు పేర్లు కలిపి కీ తయారుచేద్దామనుకొనేవారికి మన ప్రాంతమే పాఠం చెబుతుంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన అమలులోకి వచ్చినప్పుడు రాజాం శ్రీకాకుళం జిల్లా నుంచి విజయనగరం జిల్లాలోకి, పాలకొండ పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లాయి. పేర్లతో కట్టిన కీలన్నీ ఆ ఒక్క రోజుతో తప్పిపోయేవి.

సర్వర్ ఇచ్చే ఐడీ మంచిదే. అయితే సిగ్నల్ లేనిచోట నమోదు చేసిన కొనుగోలుకు అది అప్పటికి ఉండదు. అందుచేత ఫోన్‌లోనే యూయూఐడీ (మరొకదానితో కలవని పొడవైన గుర్తింపు) తయారుచేసి, సర్వర్‌కు చేరిన తరువాత కూడా ఆ ఐడీనే కొనసాగించడం మేలు. తాత్కాలిక ఐడీ ఇచ్చి ఆపైన మార్చితే, మార్చిన క్షణంలో జాబితా దృష్టిలో పాత వరుస చచ్చి కొత్త వరుస పుడుతుంది. తెర మీద అది ఒకసారి మిణుక్కుమంటుంది, తెరిచి ఉన్న వరుస మూసుకుపోతుంది.

జాబితా జరిపేటప్పుడు పట్టిపట్టి కదులుతోంది. ఎక్కడ వెతకాలి?

ముందుగా మీరు ఏ రూపంలో నడుపుతున్నారో చూసుకోండి. ఫ్లట్టర్, కంపోజ్, రియాక్ట్ నేటివ్ మూడూ డీబగ్ రూపంలో (తప్పులు వెతకడానికి నడిపే రూపంలో) నెమ్మదిగానే నడుస్తాయి. ఆ రూపంలో చూసి తీర్పు చెప్పకూడదు. రిలీజ్ రూపంలో (వాడేవారికి ఇచ్చే రూపంలో), లేదా ఫ్లట్టర్‌లో ప్రొఫైల్ రూపంలో (వేగం కొలిచే రూపంలో), మీ వ్యాపారి వాడేటటువంటి ఫోన్‌లోనే కొలవాలి.

సెకనుకు 60 సార్లు తెరను తిరగరాసే ఫోన్‌లో ఒక్కో ఫ్రేమ్‌కు, అంటే ఒక్కో తిరగరాతకు, దక్కేది 16.67 మిల్లీసెకన్లు. 120 సార్లు తిరగరాసే ఫోన్‌లో 8.33 మాత్రమే. ఆ వ్యవధిలో కొత్త వరుస తయారుకాకపోతే ఒక ఫ్రేమ్ తప్పిపోతుంది, కంటికి అది కుదుపుగా తెలుస్తుంది. ఖరీదైన ఫోన్‌లో గడువు సగానికి తగ్గుతుంది కనుక, మంచి ఫోన్ కొంటే కుదుపు పోతుందన్న భరోసా కూడా లేదు.

వరుసను నింపే చోట చేయకూడని పనులు చేస్తున్నామా అని తరువాత చూడాలి. తేదీని తెలుగులోకి మార్చడం, రూపాయల్లో కామాలు పెట్టడం, మొత్తం జాబితాను మళ్లీ క్రమంలో పెట్టడం, డేటాబేస్ నుంచి రైతు పేరు చదవడం వంటివి వరుస కనిపించిన ప్రతిసారీ జరుగుతుంటే వాటిని ముందే ఒకసారి చేసి, ఫలితాన్ని డేటాతో పాటు ఉంచాలి. ఇవన్నీ సరిచూశాక కూడా కుదుపు మిగిలితే, దాదాపు ఎప్పుడూ దోషి ఫోటోయే.

ఫోటోల విషయంలో ఏం చేయాలి?

లెక్క వేసి చూడండి. 4000 నిలువు, 3000 అడ్డం పిక్సెళ్ల కాటా చీటీ ఫోటోలో కోటీ ఇరవై లక్షల పిక్సెళ్లు ఉంటాయి. ఫైల్ పరిమాణం 3 ఎంబీయే అయినా, తెర మీద చూపడానికి విప్పినప్పుడు పిక్సెల్‌కు 4 బైట్ల చొప్పున 48 ఎంబీ మెమరీ పడుతుంది. ఫ్లట్టర్ చిత్రాల కాష్‌కు (విప్పిన చిత్రాలను దాచుకొనే చోటుకు) మామూలు హద్దు 100 ఎంబీ. రెండు చీటీలతోనే అది ఇంచుమించు నిండిపోయి, మూడో చీటీ రాగానే మొదటిదాన్ని పారేస్తుంది, వెనక్కి జరిపితే మళ్లీ మొదటినుంచి విప్పుతుంది. వరుసలో ఆ చీటీ కనిపించేది 200 పిక్సెళ్ల చదరంలో అయితే కావలసింది 160 కేబీ మాత్రమే.

అందుచేత సర్వర్‌లోనే చిన్న బొమ్మ తయారుచేసి జాబితాకు దాన్నే పంపండి, పూర్తి ఫోటోను వరుసను నొక్కినప్పుడు తెప్పించండి. సర్వర్ మీ చేతిలో లేకపోతే, విప్పేటప్పుడే చిన్నదిగా విప్పమని చెప్పండి. ఆండ్రాయిడ్‌లో గ్లైడ్, కాయిల్ వంటి లైబ్రరీలు ఆ పని చేస్తాయి. ఫ్లట్టర్‌లో కాష్‌విడ్త్ అన్న విలువ ఇస్తే సరిపోతుంది. ఫోటో వచ్చేలోపు దాని స్థలం ఖాళీగా కేటాయించి ఉండాలి, లేకపోతే ఫోటో వచ్చిన ప్రతిసారీ కింది వరుసలు గెంతుతాయి.

ఒక రైతు వరుసలో క్షణకాలం మరో రైతు చీటీ మెరిసి పోవడం కూడా స్థానాన్ని గుర్తింపుగా తీసుకున్నందువల్ల వచ్చేదే. నెమ్మది నెట్‌వర్క్‌లో ఫోటో చేరేసరికి ఆ వరుస మరొకరిదై ఉంటుంది. వచ్చిన ఫోటో ఏ కొనుగోలు కోసం అడిగినదో సరిచూసి, ఐడీ కలవకపోతే దాన్ని వదిలేయాలి. పైన చెప్పిన లైబ్రరీలు ఈ జాగ్రత్తను తామే తీసుకుంటాయి. సొంతంగా రాసుకొనేవారే మరచిపోతారు.

వరుసల ఎత్తును స్థిరంగా పెడితే వేగం పెరుగుతుందంటారు. తెలుగులో అలా చేయవచ్చా?

వేగం పెరగడం నిజమే. అన్ని వరుసల ఎత్తూ ముందే తెలిస్తే 3000వ వరుసకు ఒక్కసారిగా వెళ్లడానికి మధ్యలోని వరుసలను కొలవనక్కరలేదు. ఫ్లట్టర్‌లో ఐటమ్‌ఎక్స్‌టెంట్, ఫ్లాట్‌లిస్ట్‌లో గెట్‌ఐటమ్‌లేఅవుట్ ఉన్నవి అందుకే. కాని ఇంగ్లీషు అక్షరాలకు సరిపోయిన ఎత్తు తెలుగుకు సరిపోదు. పైన గుడులు, కింద వత్తులు ఉన్న లిపి మనది. ‘శ్రీ’లోని క్రారవడి, ‘లక్ష్మి’లోని మవత్తు, ‘వజ్రపుకొత్తూరు’లోని తవత్తు వరుస అంచు దగ్గర కోతపడిన యాప్‌లు చాలా ఉన్నాయి, వాటిలో పెద్ద సంస్థలవీ ఉన్నాయి.

వాడేవారు ఫోన్ సెట్టింగ్స్‌లో అక్షరాల పరిమాణం పెంచుకుంటే పరిస్థితి మరింత చెడుతుంది. 2023లో వచ్చిన ఆండ్రాయిడ్ 14లో అక్షరాలను 200 శాతం వరకు పెంచుకోవచ్చు. యాభై దాటిన వ్యాపారులు చాలామంది పెంచుకొనే ఉంటారు. కాబట్టి ఎత్తును సంఖ్యగా రాయకుండా, ఒక నమూనా వరుసను వాడేవారి అక్షర పరిమాణంతో ఒకసారి కొలిచి, ఆ కొలతను అన్నిటికీ వాడండి. ఫ్లట్టర్‌లో ప్రొటోటైప్‌ఐటమ్ ఇదే చేస్తుంది. నమూనాలో ‘రాము’ వంటి పేరు పెట్టకండి, పైన గుడీ కింద వత్తూ ఉన్న పేరు పెట్టండి. ఊరి పేరును రెండు పంక్తుల్లోకి పోనివ్వాలనుకుంటే మాత్రం స్థిరమైన ఎత్తు ఆశ వదులుకోవడమే సబబు.

జాబితా లోపల మరో జాబితా పెడితే తప్పు చూపిస్తోంది, లేదా మరీ నెమ్మదిస్తోంది. ఎందుకు?

ఒకే దిశలో జరిగే రెండు జాబితాలను ఒకదానిలో ఒకటి పెడితే, లోపలి జాబితాకు తన ఎత్తు ఎంతో తెలియదు. ఫ్లట్టర్ అక్కడ తప్పు చూపుతుంది. ఆ తప్పును పోగొట్టడానికి ష్రింక్‌ర్యాప్ (లోపలి వరుసల మొత్తం ఎత్తునే జాబితా ఎత్తుగా తీసుకొనే సెట్టింగ్) పెట్టమన్న సలహా అన్నిచోట్లా దొరుకుతుంది. అది పెడితే తప్పు పోతుంది, దానితో పాటే జాబితా వల్ల కలిగే లాభమూ పోతుంది, ఎందుకంటే ఎత్తు తెలుసుకోవడానికి అన్ని వరుసలనూ కొలవవలసి వస్తుంది. రీసైక్లర్‌వ్యూను నెస్టెడ్‌స్క్రోల్‌వ్యూలో (స్క్రోల్ అయ్యే మరో పెట్టెలో) పెట్టినా జరిగేది ఇదే. రోజువారీ మొత్తం చూపే పెట్టె, దాని కింద కొనుగోళ్లు, ఆ కింద పాత బాకీలు కావాలంటే మూడింటినీ ఒకే జాబితాలో వేర్వేరు రకాల వరుసలుగా పెట్టండి. నిలువు జాబితాలో అడ్డంగా జరిగే చిన్న జాబితా ఉండటంలో ఇబ్బంది లేదు.

సర్వర్ నుంచి పేజీలుగా తెచ్చేటప్పుడు కొన్ని కొనుగోళ్లు రెండుసార్లు కనిపిస్తున్నాయి, కొన్ని అసలు కనిపించడం లేదు.

మీరు పేజీని స్థానంతో అడుగుతున్నారు. రెండో పేజీ అంటే ‘మొదటి 20 వదిలి తరువాతి 20 ఇవ్వు’ అని అర్థం. వ్యాపారి మొదటి పేజీ చూస్తుండగా కాటా దగ్గర గుమస్తా 3 కొత్త కొనుగోళ్లు నమోదు చేస్తే, జాబితా మూడు మెట్లు కిందికి దిగుతుంది. అప్పుడు మొదటి పేజీలోని చివరి మూడు వరుసలు రెండో పేజీ మొదట్లో మళ్లీ వస్తాయి. గుమస్తా 3 వరుసలు రద్దు చేస్తే దీనికి విరుద్ధంగా మూడు కొనుగోళ్లు రెండు పేజీల మధ్య జారిపోయి ఎక్కడా కనిపించవు. రెండుసార్లు వచ్చినది కంటికి తెలుస్తుంది. జారిపోయినది సాయంత్రం లెక్క తేలనప్పుడు గాని తెలియదు, అప్పుడు కూడా నింద గుమస్తా మీద పడుతుంది.

కంపోజ్‌లో ఒకే కీ రెండుసార్లు వస్తే యాప్ ఆగిపోతుంది. అది చూసి కీగా వరుస సంఖ్యను పెట్టేసి గండం గడిచిందనుకొనేవారున్నారు. నిజానికి వారు పేజీల తప్పును అలాగే ఉంచి, దాన్ని చెప్పే గంటను తీసేసినట్టు అవుతుంది.

సరైన పద్ధతి, చివరగా చూసిన కొనుగోలును చెప్పి దాని తరువాతివి అడగడం. ‘ఈ తేదీ సమయం, ఈ ఐడీ ఉన్న కొనుగోలు కంటే పాతవి 20 ఇవ్వు’ అన్నది ఆ అభ్యర్థన. ఒకే సమయానికి రెండు కొనుగోళ్లు నమోదు కావచ్చు కనుక తేదీ ఒక్కటే చాలదు, ఐడీ కూడా క్రమంలో భాగం కావాలి, ఆ రెండింటి మీద కలిపి డేటాబేస్‌లో ఇండెక్స్ (త్వరగా వెతకడానికి ఉపయోగపడే సూచిక) ఉండాలి. స్థానంతో అడిగినప్పుడు వదిలేయవలసిన వరుసలను కూడా డేటాబేస్ దాటుకుంటూ వెళ్లాలి కాబట్టి లోపలి పేజీలు క్రమంగా నెమ్మదిస్తాయి. గుర్తింపుతో అడిగితే ఆ బాధ ఉండదు. నేరుగా 40వ పేజీకి దూకడం ఈ పద్ధతిలో కుదరదు గాని, వేలితో జరిపే జాబితాలో ఆ అవసరమే రాదు.

పేజీలుగా తెచ్చే ఆండ్రాయిడ్ లైబ్రరీ పేజింగ్ 3 వాడేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. మీరు పేజీకి 20 అని చెప్పినా, వేరుగా ఏమీ చెప్పకపోతే మొదటి అభ్యర్థనలో అది దానికి మూడింతలు, అంటే 60 అడుగుతుంది. స్థానం లెక్కతో రాసిన సర్వర్‌లు ఇక్కడ తడబడతాయి.

అంతులేకుండా జరిగే జాబితా మంచిదా, ‘ఇంకా చూపించు’ బొత్తం మంచిదా?

వార్తలకూ వినోదానికీ అంతులేని జాబితా సరిపోవచ్చు. లెక్కలకు మాత్రం అది తగదని మా అభిప్రాయం. వ్యాపారి వెతికేది ‘ఏప్రిల్ రెండో వారం’ వంటి నిర్దిష్టమైన చోటును. నెలలవారీ శీర్షికలు, ప్రతి నెల చివర మొత్తం, పాత నెలలకు బొత్తం ఉంటే అతనికి తాను ఎక్కడ ఉన్నదీ తెలుస్తుంది. జాబితా అయిపోయినప్పుడు అయిపోయిందని ఒక మాట రాయండి.

సిగ్నల్ లేనప్పుడు జాబితాలో ఏం చూపించాలి?

ఫోన్‌లో ఉన్నదాన్ని చూపించాలి. జాబితా నేరుగా సర్వర్ నుంచి కాక, ఫోన్‌లోని ఎస్‌క్యూలైట్ డేటాబేస్ నుంచి చదవాలి. సర్వర్ నుంచి వచ్చినది ముందు ఆ డేటాబేస్‌లో చేరాలి, అక్కడినుంచి తెర మీదికి రావాలి. ఆండ్రాయిడ్‌లో రూమ్ లైబ్రరీతో ఇది తేలికగా కుదురుతుంది. మందస దాటి మహేంద్రగిరి వైపు కొండ ఊళ్లలోకి వెళ్లినవారికి ఇది ఎందుకో వివరించనక్కరలేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన తరువాత కరెంటూ ఫోన్లూ లేక ఉద్దానం ఊళ్లు రోజుల తరబడి గడిపాయి. అటువంటి రోజుల్లో ఎవరికి ఎంత బాకీ అన్నది సర్వర్‌లో మాత్రమే ఉంటే, అది లేనట్టే.

తెర మీద నాలుగు స్థితులను విడివిడిగా చూపాలి. డేటా వస్తోంది, డేటా ఉంది, డేటా లేదు, డేటా తేలేకపోయాము అన్నవి ఆ నాలుగు. చివరి రెండింటినీ ఒకే ఖాళీ తెరతో చూపడం పెద్ద తప్పు. ‘కొనుగోళ్లు లేవు’ అన్న మాట చూసి, నిన్నటి నమోదులన్నీ పోయాయని భయపడి, వాటిని మళ్లీ టైపు చేసేవారుంటారు. సర్వర్‌కు ఇంకా చేరని వరుసకు చిన్న గుర్తు పెట్టండి, చేరాక గుర్తు తీయండి, వరుసను మాత్రం చోటు కదపకండి.

రైతుల పేర్లు తెలుగు అక్షరక్రమంలో రావడం లేదు.

ఎస్‌క్యూలైట్ మామూలుగా అక్షరాల బైట్లను పోల్చి క్రమం పెడుతుంది. అక్షరాలకు సంకేత సంఖ్యలిచ్చే యూనికోడ్‌లో తెలుగు అక్షరాలు దాదాపు వర్ణమాల వరుసలోనే ఉన్నాయి కాబట్టి మొదటి చూపుకు అంతా బాగున్నట్టే ఉంటుంది. అయితే యూనికోడ్‌లో ‘ర’ తరువాత ‘ఱ’, ‘ల’ తరువాత ‘ళ’ వస్తాయి. పెద్దబాలశిక్ష క్రమంలో ‘ళ’ ‘హ’ తరువాత వస్తుంది. ‘క్ష’కు విడి స్థానం లేదు, అది ‘క’ కింద చేరిపోతుంది. ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసిన పేర్లు అన్ని తెలుగు పేర్లకంటే ముందు నిలబడతాయి. పేరుకు ముందు ఖాళీ పడితే అది వాటికంటే కూడా ముందుకు పోతుంది. ఆండ్రాయిడ్ ఎస్‌క్యూలైట్‌లో లోకలైజ్డ్ అన్న పోలిక పద్ధతి ఉంది, ఫోన్ భాషను బట్టి అది క్రమం పెడుతుంది. మిగతా చోట్ల తెలుగు కొలేటర్‌ను (అక్షరక్రమం పోల్చే సాధనాన్ని) వాడి ఒక క్రమ కీ తయారుచేసి, దాన్ని వేరే గడిలో దాచుకోవచ్చు.

సంఖ్యలను, తేదీలను అక్షరాలుగా దాచితే 10వ నంబరు 2 కంటే ముందు వస్తుంది, జనవరి 31 ఫిబ్రవరి 1 తరువాత వస్తుంది. సంఖ్యను సంఖ్యగా దాచండి. తేదీని సంవత్సరం, నెల, రోజు వరుసలో దాచండి.

పేరు కళ్లముందు ఉన్నా వెతుకులాటలో దొరకడం లేదు. కారణం ఏమిటి?

కంటికి ఒకేలా కనిపించే మాటలు లోపల వేర్వేరుగా ఉండవచ్చు. ‘రామ్‌నగర్’ అని విడదీసి రాయడానికి ‘మ్’కూ ‘న’కూ మధ్య కనిపించని జడ్‌డబ్ల్యూఎన్‌జే అక్షరం ఒకటి ఉంటుంది. వెతికేటప్పుడు అది తరచుగా పడదు కనుక వెతికేవారు ‘రామ్నగర్’ అనో ‘రాంనగర్’ అనో కొడతారు. ఐత్వం గుర్తును ఒకే సంకేతంగా రాయవచ్చు, ఎత్వం గుర్తుకు ఐ పొడవు గుర్తు కలిపి రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. తెర మీద రెండూ ఒకటే, పోల్చి చూస్తే వేరు.

పేరు దాచేటప్పుడే వెతుకులాట కోసం మరో రూపం తయారుచేసి పక్కన ఉంచడం దీనికి పరిష్కారం. కనిపించని అక్షరాలు తీసివేయాలి, యూనికోడ్ ఎన్‌ఎఫ్‌సీ రూపంలోకి (ఒకే గుర్తును ఎప్పుడూ ఒకే సంకేతాలతో రాసే రూపంలోకి) మార్చాలి, పొల్లు మకారాన్ని సున్నాగా చేయాలి, ఖాళీలనూ చుక్కలనూ తొలగించాలి. అప్పుడు ‘జి.సిగడాం’, ‘జి సిగడాం’ ఒకటవుతాయి. వెతికేవారు కొట్టిన మాటకూ ఇదే మార్పు చేసి పోల్చాలి. చాలామంది తెలుగు పేరును ఇంగ్లీషు అక్షరాలతోనే వెతుకుతారు కాబట్టి, ఆ రూపాన్నీ దాచి ఉంచితే శ్రమకు తగిన ఫలితం ఉంటుంది. తెర మీద చూపేది మాత్రం రైతు చెప్పినట్టు రాసిన అసలు పేరే కావాలి.

వ్యాపారి చదువుతుండగా కొత్త కొనుగోళ్లు వస్తే జాబితా గెంతుతోంది. ఎలా ఆపాలి?

మొత్తం జాబితాను మార్చి ‘అంతా మారింది’ అని చెప్పకండి. పాతదానికీ కొత్తదానికీ తేడా మాత్రమే చెప్పండి. రీసైక్లర్‌వ్యూకు డిఫ్‌యుటిల్, ఐఫోన్‌లో 2019 నుంచి డిఫబుల్ డేటాసోర్స్ ఈ తేడాను లెక్కిస్తాయి. తేడా లెక్కకట్టడానికి మళ్లీ ఐడీయే ఆధారం. లేజీకాలమ్‌కు సరైన కీలు ఇస్తే, పైన వరుసలు చేరినా కంటి ముందున్న వరుస కంటి ముందే ఉంటుంది. కొత్తవి వచ్చాయని పైన చిన్న బొత్తంతో చెప్పి, నొక్కితేనే మొదటికి తీసుకెళ్లండి.

వివరాల తెరకు వెళ్లి వెనక్కి వస్తే జాబితా మొదటికి పోతోంది.

వెనక్కి వచ్చినప్పుడు జాబితా ఖాళీగా మొదలై, డేటా ఆలస్యంగా వస్తే, నిలపవలసిన చోటు అప్పటికి ఉండదు. రీసైక్లర్‌వ్యూలో, అడాప్టర్ (జాబితాకు డేటా అందించే భాగం) ఖాళీగా ఉన్నంతసేపు స్థితిని పునరుద్ధరించవద్దని చెప్పే ఏర్పాటు ఉంది. ఫ్లట్టర్‌లో పేజ్‌స్టోరేజ్‌కీ ఇవ్వాలి. ఫోన్ యాప్‌ను మూసేసి తిరిగి తెరిచే సందర్భానికి, ఎన్నో పిక్సెల్ అన్నది కాక పైన ఉన్న కొనుగోలు ఐడీని దాచుకోవడం మంచిది, ఈలోగా వరుసలు చేరి ఉండవచ్చు కాబట్టి.

చూపు లేనివారు, వేళ్లు వణికేవారు వాడగలగాలంటే?

ఒక వరుసను టాక్‌బ్యాక్ (తెర మీది మాటలను పైకి చదివే ఆండ్రాయిడ్ సదుపాయం) ఒకే వాక్యంగా చదవాలి. పేరు, ఊరు, బస్తాలు, ధర విడివిడిగా నాలుగుసార్లు ఆగుతూ చదివితే 50 వరుసల జాబితాలో 200 సార్లు ఆగవలసి వస్తుంది. నొక్కే చోటు ఆండ్రాయిడ్‌లో కనీసం 48 డీపీ (ఆండ్రాయిడ్ తెర కొలత), ఐఫోన్‌లో 44 పాయింట్లు ఉండాలి. పక్కకు తోసి తొలగించే సదుపాయం ఇస్తే, అదే పని చేసే బొత్తం కూడా ఇవ్వండి, తొలగించిన వెంటనే ‘వెనక్కి తీసుకో’ అన్న అవకాశం కొన్ని సెకన్లపాటు ఉంచండి.

విడుదల చేసే ముందు ఏం పరీక్షించాలి?

కనీసం 5000 వరుసల కల్పిత డేటా తయారుచేయండి. అందులో ‘సంతబొమ్మాళి’, ‘కోటబొమ్మాళి’, ‘మెళియాపుట్టి’ వంటి పొడవైన ఊరి పేర్లు, ఒకే పేరున్న ఇద్దరు రైతులు, ఫోటో లేని వరుసలు, ఒకే సమయానికి పడిన కొనుగోళ్లు ఉండాలి. అక్షరాలను గరిష్ఠ పరిమాణానికి పెంచి, పాత ఫోన్‌లో వేలితో జోరుగా చివరిదాకా జరిపి, మళ్లీ పైకి రండి. సగం దూరంలో ఫ్లైట్ మోడ్ పెట్టండి. మరో ఫోన్ నుంచి ఒకరు కొనుగోళ్లు చేరుస్తూ, రద్దు చేస్తూ ఉండగా పేజీలు దాటి చూడండి. చివరికి చేరాక ఫోన్‌లోని ఐడీలను, సర్వర్‌లోని ఐడీలను పక్కపక్కన పెట్టి సరిపోల్చండి. సంఖ్య సరిపోతే చాలదు, ఎందుకంటే ఒకటి రెండుసార్లు వచ్చి మరొకటి జారిపోయినా సంఖ్య సరిగ్గానే ఉంటుంది.